నాలుక అంచు చూడకుండా పంపకు

లహరీ,

వచ్చే ఆదివారం పాతబస్తీలో పెట్టే నోటి పరీక్షల క్యాంప్‌లో నీకూ ఒక టేబుల్ ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. హౌస్ సర్జన్సీలోనే అంత పని నీ చేతికి ఇచ్చారంటే నాకెంత గర్వమో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్ టార్చ్‌తో గబగబా చూసేసి మధ్యాహ్నానికల్లా ముగించేస్తాం అన్నావట. అదేం మాట తల్లీ?

మనిషి మనిషికీ గ్లవ్స్ మార్చడం, కుర్చీ వెలుతురుకి ఎదురుగా వేయడం నీకు తెలిసినవే. జర్దా, గుట్కా సంగతి అడిగేటప్పుడు కసురుకోకు, కసిరితే దాచేస్తారు.

నాలుక చాపమంటే కనిపించేది పైభాగమే. దాని మీద గరుకుగా పరుచుకున్న సన్నటి బొడిపెలు ఫిలిఫార్మ్ పాపిల్లాలు, వాటిలో రుచి మొగ్గలుండవు. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు ఫంగిఫార్మ్‌వి. బాగా వెనక, ‘వి’ ఆకారపు గీతకి ముందు, 8 నుంచి 12 దాకా పెద్ద బొడిపెలు వరుసగా ఉంటాయి. నాలుక గీసుకుంటూ అద్దంలో అవి చూసి గడ్డలనుకుని హడలిపోయేవాళ్లు వస్తారు. అందరికీ ఉండేవేనని నిదానంగా చెప్పు. చాపిన నాలుక ఒక పక్కకి ఒరిగితే ఆ వైపు నాలుకని కదిలించే పన్నెండో నరం సంగతి చూడాలని రాసిపెట్టు.

నా భయమంతా అంచు గురించే. నాలుక క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

మీ చిన్న తాతయ్యకి కుడివైపు దవడ పన్ను విరిగి మొన తేలింది. దాని పక్కనే నాలుక అంచున పుండు. ఇంటి దగ్గర క్లినిక్‌లో పన్ను గీరుకుంది, వేడి చేసింది అని బీ కాంప్లెక్స్, పూత మందు ఇచ్చారు. తగ్గలేదని మళ్లీ వెళ్తే పూత మందు మార్చారు. నాలుక పక్కకి లాగి చూసినవాళ్లు లేరు, వేలుతో నొక్కి చూసినవాళ్లు లేరు. నొప్పి లేదు కాబట్టి బాబాయీ పట్టించుకోలేదు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు అన్నం ఒకవైపే నములుతున్నాడేంటని నోరు తెరిపించాను. పుండు చుట్టూ అంచు పైకి లేచి, వేలికి గట్టిగా తగిలింది. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని వచ్చింది. నాలుకలో కుడి సగం, మెడలో గ్రంథులు తీసేశారు. తర్వాత రేడియేషన్. మనిషి దక్కాడు. ‘ర’, ‘ల’ మాత్రం పలికేవి కాదు. నీ బారసాల నాడు చెవిలో పేరు చెప్పమంటే వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పెదవులతో పలకొచ్చని చివరిదాకా నిన్ను ‘పాపా’ అనే పిలిచాడు. ఎందుకో నీకు ఎవరం చెప్పలేదు.

అందుకే, ఎంత పెద్ద క్యూ ఉన్నా సరే, నాలుక కొన గాజ్ గుడ్డతో పట్టుకో. ఉత్త చేతికి జారిపోతుంది. ఎడమకి లాగి కుడి అంచు, కుడికి లాగి ఎడమ అంచు, చివరి పన్ను దాటి వెనకదాకా చూడు. చెంపని మౌత్ మిర్రర్‌తో తప్పించు. మరీ గుంజకు, కింది పళ్లకి నాలుక కింద ఒరుసుకుంటుంది. చూశాక వేలుతో తడుము. అక్కడే నిలువు మడతల్లా ఫోలియేట్ పాపిల్లాలు ఉంటాయి, ఒక్కోసారి ఎర్రగా ఉబ్బి భయపెడతాయి. రెండు పక్కలా ఒకేలా, మెత్తగా ఉంటే కంగారుపడకు. ఒక్కవైపే ఉండి గట్టిగా తగిలితే వదలకు. నాలుక పైకెత్తించి కిందా చూడు. పెద్దవాళ్లలో అక్కడ సిరలు నీలంగా ఉబ్బి కనిపిస్తాయి, అది మామూలే.

పన్ను గీరుకుందనిపిస్తే మొన అరగదీసి 2 వారాల్లో మళ్లీ పిలువు. మానకపోతే బయాప్సీ చేయించాల్సిందే. గట్టిగా తగిలితే ఆ 2 వారాలు కూడా ఆగొద్దు. అఫ్జల్‌గంజ్ డెంటల్ కాలేజీకో, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కో చీటీ రాసివ్వు. ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ కూడా రాసుకో. చీటీ జేబులో పెట్టుకుని వెళ్లనివాళ్లే ఎక్కువ, మర్నాడు నువ్వే ఫోన్ చేసి అడగాలి.

శనివారం సాయంత్రం ఇంటికి రా. మీ మామయ్యని కూర్చోబెడతాను, గాజ్‌తో నాలుక పట్టుకుని రెండు అంచులూ నాకు చూపించు.

మీ అత్త