బాబుకు సున్తీ చేయించాలా అని ఆసుపత్రిలో అడిగేలోపే

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక చెల్లెకు వచ్చే నెల డెలివరీ. వాళ్లది దేవరకొండ వైపు. "అన్నా, ఆసుపత్రి కాగితాల్లో బాబు పుడితే సున్తీ చేయించాలా వద్దా అని ఒక ప్రశ్న ఉంది. మేం హిందువులం కదా, మమ్మల్నెందుకు అడుగుతున్నారు? వద్దంటే తర్వాత ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇంకో రకం. "మా ఇంట్లో చేయించడం ఖాయమే అన్నా. కానీ మా దగ్గర నాలుగైదేళ్లు వచ్చాక చేస్తరు. ఇక్కడ పుట్టిన మర్నాడే చేస్తామంటున్నరు. అంత పసిగుడ్డుకు ఎట్లా అని మా అమ్మీ ఫోన్లో ఏడుస్తోంది." ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఎందుకంటే ఇద్దరూ చేయాల్సిన మొదటి పని ఒకటే. నొప్పులు మొదలవకముందే, ఇంట్లో కూర్చుని, మొగుడూపెళ్లాం ఒక మాట మీదికి రావాలి.

ముందు చెల్లె అడిగినది. అమెరికాలో సున్తీ ఒకటి రెండు మతాల ఆచారంగానే లేదు. క్రైస్తవ కుటుంబాలు, ఏ మతమూ పట్టించుకోని వాళ్లు కూడా తరాలుగా చేయిస్తున్నారు. అందుకే పేరు, దేశం చూడకుండా మగబిడ్డ తల్లిదండ్రులందరినీ అడుగుతారు. అది రూలు కాదు. వద్దని రాస్తే ఎవరూ కారణం కూడా అడగరు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 1979లో ఆసుపత్రుల్లో పుట్టిన మగపిల్లల్లో 64.5 శాతానికి సున్తీ జరిగితే, 2010 నాటికి అది 58.3 శాతానికి తగ్గింది. కాబట్టి రేపు బడిలో మనవాడొక్కడే వేరుగా ఉంటాడేమో అన్న బెంగ అక్కర్లేదు.

వైద్యులేమంటారంటే, అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో తన మాట చెప్పింది. ప్రమాదాల కంటే లాభాలే ఎక్కువ, అయినా పుట్టిన ప్రతి మగబిడ్డకూ చేయించండి అని చెప్పేంత ఎక్కువ కాదు, నిర్ణయం తల్లిదండ్రులదే అని. కెనడా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ప్రతి బిడ్డకూ చేయించమని తాము సిఫార్సు చేయబోమంది. లాభాలంటే, సున్తీ చేస్తే మొదటి ఏడాదిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం తగ్గుతుంది, పెద్దయ్యాక హెచ్‌ఐవీ లాంటి కొన్ని జబ్బులు సోకే అవకాశం తగ్గుతుంది. అయితే సున్తీ లేని మగపిల్లల్లో కూడా ఆ మూత్ర ఇన్‌ఫెక్షన్ వచ్చేది మొదటి ఏడాదిలో నూటికి ఒకరికి. ఇంట్లో ఆచారం లేదు, డాక్టర్ వైద్య కారణమేదీ చెప్పలేదు అంటే, వద్దని రాయడానికి వెనకాడొద్దు అనే నేను చెబుతాను.

వద్దనుకున్న వాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మన వైపు నీళ్లు పోసేటప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు అంగం మీది చర్మాన్ని రోజూ కొంచెం వెనక్కి లాగి నూనె చుక్క వేస్తుంటారు. అది మానిపించండి. పసిపిల్లలకు ఆ చర్మం లోపల అతుక్కునే ఉంటుంది, ఏళ్లు గడిచే కొద్దీ దానంతటదే విడుతుంది. బలవంతంగా లాగితే చీలి, మానేటప్పుడు బిగుసుకుని, చివరికి ఆపరేషన్ అవసరమయ్యే పరిస్థితి రావచ్చు. పైపైన నీళ్లతో కడిగితే చాలు.

ఇప్పుడు చేయించుకునే వాళ్ల సంగతి. మొదట డబ్బు విషయం తేల్చుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి 54150 అనే కోడ్ చెప్పి, నెలల బిడ్డకు కాదు, అప్పుడే పుట్టిన బిడ్డకు అని వివరించి, ఎంత ఇస్తారో అడగండి. అది క్లాంప్‌తో (చర్మాన్ని బిగించి పట్టే పరికరం), మత్తు సూది ఇచ్చి చేసే సున్తీకి ఉన్న కోడ్. వేరే పద్ధతిలో కోసి చేస్తే, బిడ్డకు 28 రోజులు దాటాయా లేదా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది, బిల్లూ మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) దీనికి డబ్బివ్వదు. చాలా ఆసుపత్రుల్లో ఇది చేసేది పిల్లల డాక్టర్ కాదు, డెలివరీ చేసిన డాక్టరే. ఆమె బిల్లు వేరుగా వస్తుంది. ఇంకోటి, కంపెనీ ఇన్సూరెన్స్‌లో బిడ్డ పేరు 30 రోజుల్లోపు చేర్చాలి. బాలింత పనుల్లో పడి ఇది మర్చిపోయి ఆ తర్వాత తంటాలు పడే వాళ్లున్నారు.

డబ్బు కంటే ముఖ్యమైన ఫోన్ ఇంకొకటి ఉంది, అది ఊరికి చేయాల్సింది. మీ రెండు వైపుల కుటుంబాల్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని అడగండి. డాక్టర్ కూడా "ఫ్యామిలీలో బ్లీడింగ్ ప్రాబ్లమ్ ఉందా" అని అడుగుతుంది, మనవాళ్లు ఆలోచించకుండా లేదనేస్తారు. హీమోఫీలియా అనే పేరు మన నాయనలకు, అవ్వలకు తెలియదు, కానీ జరిగిన సంగతులు తెలుసు. అందుకే పేరు పెట్టి కాదు, సంగతులు అడగండి. ఎవరికైనా పన్ను పీకితే రోజంతా రక్తం కారిందా? చెవులు కుట్టినప్పుడో, పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు గాటు పడినప్పుడో ఆగలేదా? ఇంతకు ముందు ఎవరికైనా సున్తీ చేస్తే ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చిందా? బొడ్డు ఊడేటప్పుడు రక్తం వచ్చిన బిడ్డ ఉన్నాడా? చిన్న దెబ్బకే మోకాలు వాచి మంచం పట్టిన మగపిల్లలు, పసితనంలోనే పోయిన మగపిల్లలు ఉన్నారా?

అడిగేటప్పుడు తల్లి వైపు ఎక్కువ అడగండి. హీమోఫీలియా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, తల్లికి మాత్రం పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. కాబట్టి బిడ్డ మేనమామల గురించి, అమ్మమ్మ అన్నదమ్ముల గురించి అడగాలి. మీది మేనరికమైతే తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. నల్గొండలోనైనా పాలమూరులోనైనా హిందువుల ఇళ్లలో మేనమామ కొడుకును, అక్క కూతురిని చేసుకోవడం ఉంది, ముస్లింల ఇళ్లలో చిన్నాయన, పెదనాయన పిల్లల మధ్య కూడా పెళ్లిళ్లు ఉన్నాయి. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కొన్ని పదార్థాలు తక్కువగా ఉండే అరుదైన జబ్బులు, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడతాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయితే ఆ అవకాశం పెరుగుతుంది. బొడ్డు దగ్గర ఆగకుండా రక్తం రావడం వాటిలో ఒకదానికి తొలి గుర్తు. పెద్దవాళ్లు "బిడ్డ పుట్టే వేళ ఆ మాటలెందుకు, అశుభం" అంటారు. అన్నా సరే, అడగండి. ఏదైనా ఉందని తెలిస్తే పుట్టగానే రక్త పరీక్ష చేస్తారు, అప్పటిదాకా సున్తీ ఆపుతారు. ఏమీ లేదన్నా పూర్తిగా నిశ్చింత అని కాదు. హీమోఫీలియా పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఇంట్లో ముందెవరికీ ఉండదు. అందుకే అయిపోయాక కొంతసేపు క్లినిక్‌లోనే ఉంచి చూస్తామంటే తొందరపెట్టకండి.

విటమిన్ కె సూది పుట్టిన కొన్ని గంటల్లో తొడకు వేస్తారు. పసిపిల్లల్లో ఈ విటమిన్ తక్కువ, అది లేకపోతే రక్తం సరిగా గడ్డకట్టదు. దాన్ని వద్దనకండి, వేశారో లేదో అడిగి తెలుసుకోండి. అది లేకుండా చాలామంది డాక్టర్లు సున్తీకి ఒప్పుకోరు. నెలలు నిండకుండా పుట్టినా, ఒంట్లో బాగాలేకపోయినా వాయిదా వేస్తారు. మూత్రం వచ్చే రంధ్రం కొన దగ్గర కాకుండా కింద ఉంటే సున్తీ అసలు చేయరు, ఎందుకంటే తర్వాత దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి. వాయిదా అంటే బాధపడకండి. ఏడో రోజు అఖీఖాతో (బిడ్డ పుట్టినందుకు ముస్లింలు చేసే వేడుక) పాటే అయిపోవాలని ఇంట్లో పట్టుబడితే, మీ ఇమామ్‌తో ఒకసారి మాట్లాడించండి, బిడ్డ ఆరోగ్యం కోసం ఆగడంలో తప్పులేదని ఆయనే చెప్తారు.

తమ్ముడూ, మీ అమ్మీకి ఏం చెప్పాలంటే, ఊళ్లో హజ్జాం (మంగలి) చేసినట్టు ఇక్కడ చేయరు అని చెప్పు. మత్తు లేకుండా, నలుగురు పట్టుకుని చేసిన రోజులు ఆమె కళ్లారా చూసి ఉంటుంది, ఆ భయం ఊరికే పోదు. ఇక్కడ అంగం మొదట్లో సన్నటి సూదితో మత్తు ఇచ్చి, అది పట్టేదాకా కొన్ని నిమిషాలు ఆగి చేస్తారు. నోట్లో చక్కెర నీళ్లు కూడా పెడతారు. చక్కెర నీళ్లు ఒక్కటే సరిపోదు, మత్తు సూది ఇస్తారా అని మీరు ముందే అడగాలి. లేదంటే ఇంకో చోటు చూసుకోండి. నిజానికి పుట్టిన కొత్తలో చేయించడమే తేలిక. కదలకుండా చుట్టి ఉంచొచ్చు, స్పృహ తప్పించే పెద్ద మత్తు అక్కర్లేదు, మానడం త్వరగా అవుతుంది. కొన్ని వారాలు దాటితే చాలా క్లినిక్‌లు తీసుకోవు, పిల్లల యూరాలజిస్టు (మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్) దగ్గరికి, పూర్తి మత్తుకు వెళ్లాల్సి వస్తుంది.

ఏ పద్ధతిలో చేస్తారో కూడా అడగండి, ఇంటికొచ్చాక చూసుకోవడం దాన్ని బట్టే. గోమ్కో, మోగెన్ అనేవి క్లాంప్‌లు. చర్మం తీసేసి వాటిని అక్కడికక్కడే తీసేస్తారు, డైపర్ మార్చినప్పుడల్లా వాసెలిన్ రాయమంటారు. ప్లాస్టిబెల్ అయితే చిన్న ప్లాస్టిక్ ఉంగరం మీదే ఉంచి పంపుతారు, అది సాధారణంగా వారం, పది రోజుల్లో తనంతట ఊడుతుంది. దాన్ని లాగొద్దు, వాసెలిన్ రాయొచ్చా లేదా డాక్టర్‌నే అడగండి. ఇంగ్లిషులో సూచనలు గబగబా చెబుతుంటే తలూపి రావద్దు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగితే ఆసుపత్రి ఫోన్లో కలుపుతుంది, దానికి డబ్బు తీసుకోకూడదు. తల్లి అయినా, సాయానికి వచ్చిన అమ్మమ్మ అయినా, బిడ్డను ఎక్కువసేపు చూసుకునే మనిషి ఆ మాటలు తన భాషలో వినాలి.

మొత్తం పని పావుగంటలో అయిపోతుంది. అయిన వెంటనే రొమ్ముకు పట్టించండి, అంతకంటే మంచి ఓదార్పు లేదు. ఆ రోజు చిరాకుగా ఉంటాడు, సరిగా తాగకపోవచ్చు. రెండు మూడు రోజుల్లో కొన మీద పసుపు రంగు పొరలాగా వస్తుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు, తుడవొద్దు. వారం, పది రోజుల్లో మానిపోతుంది. టైలెనాల్ లాంటివి మూడు నెలల లోపు బిడ్డకు డాక్టర్ చెప్పకుండా చుక్క కూడా వేయకండి.

అసలు టెన్షన్ మొదలయ్యేది ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు. ప్రేమతోనే చేస్తారు, కానీ కొన్ని ఆపాలి. కాళ్ల మీద పడుకోబెట్టి చెంబుతో వేడినీళ్లు పోయడం, నలుగు, మాలీష్, అన్నీ పుండు మానేదాకా పక్కన పెట్టండి. తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు. పుండు మీద పసుపు, కొబ్బరినూనె, బూడిద, పౌడర్ ఏవీ వద్దు. సాంబ్రాణి పొగ అసలే వద్దు. మీ అత్తమ్మకు మీరు చెబితే కోడలు మాట అవుతుంది, అదే డాక్టర్ నోట తెలుగులో వింటే సరే అంటుంది. ఇంటర్‌ప్రెటర్ సంగతి నేను నొక్కి చెప్పేది ఇందుకే.

ఏవి ప్రమాదమో రాసి ఫ్రిజ్ మీద అతికించండి. డైపర్ మీద పావు డాలర్ బిళ్ల కంటే పెద్ద రక్తపు మరక వచ్చినా, చుక్కలు ఆగకుండా వస్తున్నా శుభ్రమైన గాజుగుడ్డతో మెత్తగా అదిమిపట్టి వెంటనే ఫోన్ చేయాలి, ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం పోయకపోయినా, ఎరుపు రోజురోజుకూ పెరుగుతూ కిందికి పాకుతున్నా, దుర్వాసనతో చీము వచ్చినా, ప్లాస్టిక్ ఉంగరం కిందికి జారి ఇరుక్కున్నా ఫోన్ చేయండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా నేరుగా ఎమర్జెన్సీకే. నెలలోపు బిడ్డ జ్వరానికి, సున్తీ చేయించినా చేయించకపోయినా, తెల్లారేదాకా ఆగడం అనేది లేదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఇది వేరు. మత ఆచారం కోసం చేసే సున్తీకి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సాధారణంగా డబ్బివ్వదు, ప్రైవేటు క్లినిక్‌కే వెళ్లాలి, ఇంగ్లండ్‌లో అయితే వెళ్లేముందు అది సీక్యూసీలో (ఆసుపత్రులను తనిఖీ చేసే సంస్థ) నమోదైందో లేదో చూడండి. జర్మనీలో మత ఆచారంగా పిల్లలకు సున్తీ చేయడం నేరమేనని 2012లో కొలోన్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత పెద్ద గందరగోళం నడిచింది, అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసి తల్లిదండ్రులకు అనుమతి ఇచ్చింది.

పసితనంలో కుదరక, నాలుగైదేళ్లకు ఊరెళ్లినప్పుడు చేయిద్దాం అనుకునే వాళ్లు హైదరాబాద్‌లో పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రినే చూసుకోండి, ఊళ్లో తెలిసిన మనిషి చేస్తాడన్నా వద్దు. ఆ వయసులో పూర్తి మత్తు ఇస్తారు, రక్త పరీక్షలు ముందే చేయించాలి. తిరుగు టికెట్‌కు మూడు వారాలైనా ముందు పెట్టుకోండి, మానకముందే విమానంలో అన్ని గంటలు కూర్చోబెట్టడం పిల్లాడికి కష్టం. దావత్ చేసుకోవాలంటే మానాక చేసుకోండి. పిల్లాడికి ఏం జరగబోతోందో రెండు రోజుల ముందే, వాడికి అర్థమయ్యే మాటల్లో, అమ్మానాన్నలే చెప్పాలి. చాక్లెట్ కొనిస్తామని మభ్యపెట్టి తీసుకెళ్లొద్దు.