యూపీఐ వచ్చాక చిన్న కొట్లవాళ్లు ఎలా మోసపోతున్నారు?

ఎక్కువగా రెండు రకాలుగా.

మొదటిది, దొంగ స్క్రీన్. అచ్చం పేమెంట్ యాప్‌లా కనిపించే నకిలీ యాప్‌లున్నాయి. అందులో కొట్టు పేరు, మొత్తం కొడితే పచ్చటి టిక్కు, చప్పుడు అన్నీ వస్తాయి, డబ్బు మాత్రం కదలదు. సాయంత్రం రద్దీలో ఒక చేత్తో తూకం వేస్తూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తున్న మనిషి ఎదుటివాడి ఫోన్ చూసి తలూపుతాడు. తప్పు అతనిది కాదు. 2016లో మొదలైన యూపీఐలో 2023 ఆగస్టుకే నెలకు 1000 కోట్ల లావాదేవీలు దాటాయి. ఆ వేగంలో ప్రతిదీ సరిచూసుకునే తీరిక కొట్టువాడికి ఎక్కడిది? అందుకే సౌండ్ బాక్స్ పలికాకే, లేదా మీ ఫోన్‌లో ఖాతా చూసుకున్నాకే సరుకు ఇవ్వండి. కస్టమర్ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

రెండోది, కొట్టు స్కానర్ (క్యూఆర్ కోడ్) మీద మోసగాడు తన కోడ్ ఉన్న స్టిక్కర్ అంటించడం. రాత్రి బయట వదిలేసిన బోర్డులకు, తోపుడు బండ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. పొద్దున్నే మీరే ఒక్క రూపాయి పంపి, ఎవరి పేరు వస్తుందో చూడండి.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అడిగితే అది మోసమే.

ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది. 300 రూపాయలే కదా అని ఊరుకోకండి, చిన్న కొట్టుకు అది ఆ రోజు లాభం.