చేతిపట్టీ కాపలా కాయదు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్‌తో బాధపడుతున్నారు. విజయవాడలోని ఒక ఆసుపత్రివారు కొత్త మందు క్లినికల్ ట్రయల్‌లో చేరమంటున్నారు. చేరితే రాత్రింబవళ్లు వాచీలాంటి పట్టీ పెట్టుకోవాలట. డాక్టరుగారికి తెలియనిది అదేం చెబుతుంది? మేం లేనప్పుడు నాన్నగారు పడిపోతే వాళ్లకు వెంటనే తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ట్రయల్‌లో ఇచ్చే పట్టీ సాధారణంగా కొలిచే పరికరమే గాని కాపలా కాసేది కాదు. అందులో నమోదైనదాన్ని చాలాసార్లు ఎవరూ అప్పటికప్పుడు చూడరు. తరువాత తీసి లెక్కగడతారు. దాన్ని నమ్ముకుని ఆయన్ను ఒంటరిగా వదలకండి.

ఇక దాని ఉపయోగం చెబుతాను. డాక్టరు ఎదుట పావుగంట కూర్చున్నప్పుడు కనిపించే వణుకు వేరు, మాత్ర ప్రభావం తగ్గిపోతున్న వేళ కాఫీ గ్లాసు నోటిదాకా చేరకముందే తొణికించే వణుకు వేరు. ఈ వ్యాధిలో ఊరకే ఒడిలో పెట్టుకున్న చేయి సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు వణుకుతుంది. పట్టీలోని సెన్సర్ ఆ లయను మిగతా కదలికల నుంచి వేరుచేసి, రోజులో ఏ వేళ ఎంతసేపు ఉందో లెక్కించడానికి తోడ్పడుతుంది. అయితే గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్లినా చేయి అదురుతుంది కాబట్టి, ఆ లెక్క పద్ధతిని ఇదే జబ్బున్నవారిలో నిపుణుల పరీక్షతో పోల్చి నిగ్గు తేల్చారా అని తప్పక అడగండి.

అలా నిగ్గు తేలడానికి ఏళ్లు పడుతుంది. ఉదాహరణకు, డుషెన్ కండరాల క్షీణత (కండరాలు క్రమంగా బలహీనపడే జన్యు వ్యాధి) ఉన్న పిల్లల్లో, చీలమండకు కట్టిన సెన్సర్‌తో వారి అతి వేగమైన అడుగులను కొలిచే పద్ధతిని ఐరోపా ఔషధ సంస్థ 2019లో ట్రయళ్లకు ద్వితీయ కొలమానంగా మాత్రమే అంగీకరించింది. మందు పనిచేసిందో లేదో తేల్చే ప్రధాన కొలమానంగా ఒప్పుకున్నది 2023లో. ఆ జాగ్రత్త అవసరమేనని నా అభిప్రాయం, ఎందుకంటే అంకె మెరుగుపడితే చాలదు, పిల్లవాడి నడక మెరుగుపడాలి.

స్నానానికి తీసిన పట్టీని మళ్లీ పెట్టుకోవడం మరిచిపోతే ఆ గంటల సమాచారం ఉండదు. తీసిన వేళ, పెట్టుకున్న వేళ ఒక కాగితం మీద రాసిపెట్టండి.

సంతకానికి ముందు సమ్మతి పత్రాన్ని తెలుగులో ఇమ్మని అడగండి. కొలతలు ఎవరి దగ్గర ఉంటాయో, పేరు బదులు సంకేత సంఖ్య వాడతారో లేదో అందులో చూడండి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవారి హక్కులు, భద్రత చూసే సంఘం) ఆమోదం తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. నాన్నగారు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల ఆయనకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు.