చీమ పేజీ అంత ఉంటుందా టీచర్?

ప్రశ్న: ఊళ్లో సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు చెప్తానండీ. ఈ ఏడాది లైబ్రరీకి చీమలు, సీతాకోకచిలుకలు, వాన, మన ఒళ్లు... ఇలాంటి వాటి మీద బొమ్మల పుస్తకాలు వచ్చాయి. కథైతే నోరు తెరుచుకుని వింటారు గానీ, ఇవి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే మూడో పేజీకే నీళ్లకు పోతామంటారు. పైగా సిలబస్ టెన్షన్ ఒకటి. ఏం చేయమంటారు?

జవాబు: మొదటి పేజీ నుంచి చదవడం మానేయండి, ముందు అదీ. కథలో తర్వాత ఏమైందన్న ఆత్రం ఉంటుంది, పిల్లలు దాన్ని పట్టుకుని ఎన్ని పేజీలైనా మీ వెంట వస్తారు. చీమల పుస్తకంలో అది ఉండదు కాబట్టి పుస్తకం తెరవకముందే ఆ ఆత్రం పుట్టాలి.

బడిలోనో పక్కింట్లోనో కరివేపాకు చెట్టు ఉండే ఉంటుంది. లేదా నిమ్మచెట్టు. లేత ఆకుల మీద చూడండి, పిట్టరెట్టలాంటి చిన్న సీతాకోకచిలుక పురుగులు కనిపిస్తాయి, అవే పెరిగాక ఆకుపచ్చగా నున్నగా అవుతాయి. కదిలిస్తే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి, ఇక క్లాసంతా గోలే! (బొచ్చు ఉన్నవాటి జోలికి మాత్రం పోనివ్వకండి, దురద.) ఒకదాన్ని ఆకుతో సహా సీసాలో పెట్టి మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు వేయండి. రెండో రోజుకే ‘ఇదేమవుతుంది టీచర్’ అని వాళ్లే అడుగుతారు. అప్పుడు పుస్తకం తీసి తిన్నగా ఆ పేజీ తెరవండి, మధ్యలో ఉన్నా సరే. ఆ రోజుకి ఆ రెండు పేజీలు చాలు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పేజీ నిండా చీమ బొమ్మ ఉంటే చీమంటే అంత పెద్దదనే ఐదేళ్ల పిల్ల అనుకోవచ్చు, రోజూ కాళ్ల కింద చూస్తున్నా సరే పుస్తకంలోది వేరే చీమ అనుకుంటుంది. బొమ్మ పక్కన ఒక బియ్యపు గింజ పెట్టి, నిజం చీమ దీనికంటే పెద్దదా చిన్నదా అని అడగండి.

అచ్చులో ఉన్నదంతా నిజమని కూడా నమ్మకండి. సీతాకోకచిలుక పట్టుగూడు అల్లుకుంటుందని రాసిన పుస్తకాలున్నాయి. గూడు అల్లేది పట్టుపురుగు, అది పెరిగితే చిమ్మట. మీ కరివేపాకు పురుగైతే నడుముకి ఒక్క దారం కట్టుకుని పుల్లకి ఆనుకుని ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అయిపోతుంది, అంతే. పుస్తకం తప్పని పిల్లలే సీసా చూసి చెప్తే, అబ్బ, ఆ రోజు వాళ్ల మొహాలు చూడాలి!

లార్వా (అంటే ఆ పురుగే), ప్యూపా అని బోర్డు మీద రాసి వల్లె వేయించకండి. ముందు వాళ్లింట్లో ఏమంటారో చెప్పనివ్వండి. మీకు తెలియనిది అడిగితే తెలీదనండి, కలిసి వెతకండి.

పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. ఒకటో స్థాయివి మీ పిల్లలకు సరిపోతాయి.

సిలబస్ అంటారా, పరిసరాల పాఠాల్లో ఉన్నవీ ఈ పురుగులూ మొక్కలే కదా. రోజుకో పావుగంట. మిగతా టైమంతా పుస్తకాన్ని ఆ సీసా పక్కనే తెరిచి ఉంచండి, బీరువాలో పెట్టి తాళం వేయకండి. చిరిగితే టేపు అంటించుకోవచ్చు.