పక్క చేలో కలుపు మందు కొట్టారు, అమ్మకి ఆయాసం, భార్యకి అయిదో నెల... ఏం చేయాలి? - డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒంగోలు దగ్గర నాగులుప్పలపాడు మండలంలో ఒక పల్లె. ఇల్లు ఊరి చివర, డొంక దాటితే పక్కవాళ్ల మొక్కజొన్న. పోయిన వారం పొద్దుగూకే టైంలో వాళ్లు తైవాన్ పంపుతో టూ ఫోర్ డీ అనే కలుపు మందు కొట్టారు. ఆ రాత్రి నుంచి మా అమ్మకి (58 ఏళ్లు, ఆస్తమా ఉంది) కళ్లు మంటలు, దగ్గు, ఆయాసం. మంటలు తగ్గాయి గానీ దగ్గు తగ్గలేదు. నా భార్యకి అయిదో నెల, తనకి ఒక రోజు గొంతు గరగర, తలనొప్పి ఉండి పోయాయి. పెరట్లో వంగ, టమాటా ఆకులు మెలికలు తిరిగాయి. అమెరికాలో సోయా చేలకి ఇలాంటి మందులు కొట్టాలంటే పెద్ద రూల్స్ ఉంటాయని అక్కడున్న మా బావ అంటాడు. ఇక్కడ అడిగితే ఆ రోజు గాలే లేదు కదా, మీ ఇంటికి ఎట్టా వస్తదబ్బా అంటున్నారు. కడుపులో బిడ్డకి ఏమన్నా అవుద్దా? ఆ కూరగాయలు తినొచ్చా?

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూద్దాం తమ్ముడూ, మిగతావి తర్వాత.

ఆస్తమా ఉన్నవాళ్లకి ఏ ఘాటు తుంపర తగిలినా ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. అది మందు ఒంట్లోకి ఎక్కి విషం అయిందని కాదు, రేగిన ఆస్తమా అన్నమాట, కానీ వారం దాటినా దగ్గు ఉందంటే లోపల వాపు ఇంకా తగ్గలేదని అర్థం, దీన్ని దగ్గు సిరప్‌తో లాక్కురావద్దు. అమ్మ దగ్గర సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఉంటే ఆయాసం వచ్చినప్పుడు స్పేసర్ (ఇన్‌హేలర్‌కి బిగించే గొట్టం) పెట్టి ఒక్కో పఫ్ విడివిడిగా నాలుగు దాకా పీల్చమనండి, దాంతో కూడా సర్దుకోకపోయినా, మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నా, వేలికి పెట్టే పల్స్ మీటర్‌లో ఆక్సిజన్ 94 కన్నా తక్కువ చూపిస్తున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అంత లేకపోయినా ఈ వారంలో ఒకసారి ఛాతీ డాక్టర్‌కి చూపించాల్సిందే, రోజువారీ వాడే ఇన్‌హేలర్ డోసు కొన్నాళ్లు పెంచాల్సి రావచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష కూడా చేయించండి, ప్రతి దగ్గునీ ఆ మందు మీదకి నెట్టేస్తే టీబీ లాంటిది తప్పిపోద్ది.

కళ్ల సంగతి. టూ ఫోర్ డీ, ముఖ్యంగా అమైన్ సాల్ట్ రకం, కంట్లో పడితే బాగా దెబ్బ తీస్తుంది. ఈసారి ఎవరికైనా పడితే కుళాయి కింద కనురెప్పలు తెరిచి పట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలు మంచినీళ్లు పారించాలి. రెండు చెంబులు కొట్టి తుడుచుకుంటే చాలదు. ఆముదం చుక్కలు, చనుబాలు, మెడికల్ షాపు వాళ్లు ఇచ్చే స్టిరాయిడ్ చుక్కలు ఏవీ వేయొద్దు. కడిగాక కూడా మసక ఉన్నా వెలుగు చూడలేకపోతున్నా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లాలి.

ఇక మీ భార్య గురించి. మీరు రాసినదాన్ని బట్టి దూరం నుంచి వచ్చిన తుంపర, ఒక్క సాయంత్రం, ఒక్క రోజు గరగర, దీనివల్ల బిడ్డకి లోపం వస్తుందని అనుకోవడానికి నాకు కారణం కనపడట్లేదు, కాబట్టి రాత్రిళ్లు నిద్ర మానుకోవద్దని చెప్పండి. ఎలాగూ అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసే స్కాన్ తీయాలి, అది తీయించి ఈ విషయం కూడా గైనిక్ డాక్టర్ చెవిన వేయండి. నా కంగారు ఈ ఒక్కసారి గురించి కాదు, సీజన్‌కి నాలుగైదు సార్లు, ఏటేటా ఇదే జరగడం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో టూ ఫోర్ డీని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చు అనే 2బి కేటగిరీలో పెట్టింది, గట్టి రుజువు అని కాదు, అనుమానానికి చోటు ఉందని. అలాంటి మందు గర్భిణి ఉన్న ఇంటి మీదకి ఎన్నిసార్లు వచ్చినా పర్వాలేదు అని ఏ డాక్టరూ అనడు.

పెరట్లో ఆకులు మెలికలు తిరిగాయి అన్నారు చూడండి, మందు మీ ఇంటి దాకా వచ్చిందనడానికి అదే పెద్ద సాక్ష్యం. టూ ఫోర్ డీ గడ్డి జాతిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, అందుకే మొక్కజొన్న బాగానే ఉంటుంది, పక్కన వంగ, టమాటా, మిరప, పత్తి, పొగాకు చిటికెడు తుంపరకే వంకర్లు పోతాయి. మిరపలో అయితే బొబ్బర తెగులనుకుని మళ్లీ దానికో మందు కొడతారు పాపం. ఆ చెట్లకి ఉన్న కాయలు కోసి పారేయండి, తినొద్దు, పశువులకీ వేయొద్దు. బయట మూత లేకుండా పెట్టిన నీళ్ల డ్రమ్ము ఉంటే ఆ నీళ్లు పారబోసి కడగండి, దండెం మీద ఉన్న బట్టలు ఇంకోసారి ఉతకండి.

మీ బావ చెప్పింది నిజమే. అక్కడ డైకాంబా అని ఒక కలుపు మందు ఉంది, టూ ఫోర్ డీ లాగానే వెడల్పాకు కలుపు మీద పనిచేసేది. దాన్ని తట్టుకునే జన్యుమార్పిడి సోయా విత్తనం వచ్చాక సోయా పెరిగే టైంలోనే పైన కొట్టడం మొదలుపెట్టారు, అది కాస్తా గాలికి లేచి ఆ రకం విత్తనం వేయని పక్క సోయా చేల మీద పడింది, ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి. 2017లో ఒక్క సీజన్‌లోనే దాదాపు 36 లక్షల ఎకరాల సోయా అలా దెబ్బతిందని మిస్సోరి యూనివర్సిటీ కలుపు శాస్త్రవేత్త లెక్క వేశారు. ఆ తర్వాత రూల్స్ బిగించుకుంటూ వచ్చారు. 2020 నాటి లేబుల్ ప్రకారం సోయాలో జూన్ 30 దాటితే కొట్టకూడదు, ట్రైనింగ్ అయి సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కొట్టాలి, గాలి గంటకి సుమారు 5 నుంచి 16 కిలోమీటర్ల మధ్య ఉండాలి, గాలి వాలు వైపు 240 అడుగులు వదలాలి, ఆ వైపు టమాటా, ద్రాక్ష లాంటివి ఉంటే అసలు కొట్టకూడదు, నాజిల్ పెద్ద చుక్కలు పడేది ఉండాలి, మందు ఆవిరి కాకుండా పట్టి ఉంచేది ఒకటి ట్యాంకులో కలపాలి. ఇన్ని పెట్టినా 2024 ఫిబ్రవరిలో అక్కడి కోర్టు ఆ అనుమతుల్నే కొట్టేసింది. మన జిల్లాలో సోయా లేదనుకోండి, మన తెలుగు వాళ్లలో అది ఆదిలాబాద్ వైపు పంట, కానీ గాలికి ఏ పంటైనా ఒకటే కదా.

ఆ రూల్స్‌లో ఒకటి మీ పక్కవాళ్ల మాటకి సరైన జవాబు. గాలి ఎక్కువ ఉంటే వద్దన్నారు సరే, మరీ తక్కువ ఉన్నా వద్దన్నారు. పైగా పొద్దు పొడిచిన గంట తర్వాత మొదలుపెట్టి, పొద్దు గూకడానికి రెండు గంటల ముందే ఆపేయాలన్నారు. ఎందుకో మీ ఊళ్లోనే కనపడుద్ది. చలికాలం సాయంత్రం పొయ్యిలు ముట్టించాక పొగ పైకి పోదు, మిద్దెల ఎత్తుకి వచ్చి అక్కడ దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఊరంతా అడ్డంగా పాకుతుంది, గాలి మాత్రం ఆకు కూడా కదపదు. పొద్దుగూకాక నేల తొందరగా చల్లబడి నేలని ఆనుకున్న గాలి చల్లగా కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ టైంలో కొట్టిన మందులో సన్న తుంపర కింద పడదు, పైకీ పోదు, మనిషి మొహం ఎత్తులో తేలుతూ మెల్లగా ఎటు పల్లం ఉంటే అటు జరుగుతుంది. అంటే గాలి లేదు కదా అని వాళ్లు ఏ సాయంత్రాన్ని మంచిదనుకున్నారో మీ ఇంటికి అదే చెడ్డ సాయంత్రం. వాళ్లు కావాలని చేశారని నేననుకోను, ఎండ తగ్గాక చల్లగా ఉంటదని మన రైతులంతా అలాగే కొడతారు, ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

పోట్లాటకి పోకుండా ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి, నేను చెప్పానని చెప్పండి. పొద్దున మంచు విడిపోయి ఎండ వచ్చాక, ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలలాడే టైంలో, ఆ గాలి మీ ఇంటి వైపు కాకుండా అవతలికి వీస్తున్నప్పుడు కొట్టమనండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక, పడమటి గాలి గట్టిగా ఉన్న రోజుల్లో వద్దు. డొంక పక్క నాలుగు సాళ్లకి మందు మానేసి కలుపు తీయించుకుంటే ఇంకా మంచిది. పురుగు మందుకి వాడే సన్న తుంపర నాజిల్ కలుపు మందుకి పనికిరాదు, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ పెట్టి, ప్రెజర్ తగ్గించి, లాన్స్ (నాజిల్ ఉండే గొట్టం) కిందకి దించి కొట్టాలి, తైవాన్ పంపు ఫుల్ ప్రెజర్‌లో పెడితే సగం పొగలాగా లేచిపోద్ది. డబ్బా మీద ఇథైల్ ఈస్టర్ అని ఉంటే అది ఎండకి ఆవిరై కూడా లేస్తుంది, కొట్టేసిన తర్వాత కూడా, ఇళ్ల పక్కన ఆ రకం వాడొద్దని గట్టిగా చెప్పండి. అదే పంపు సరిగ్గా కడక్కుండా మిరపకి వాడితే వాళ్ల మిరపే పోతుంది, ఆ మాట చెబితే మన మాట కూడా వింటారు.

కొట్టే మనిషి గురించి కూడా ఒక్క మాట. పోయిన సీజన్‌లో మా ఓపీకి ఒక కూలీ వచ్చాడు, మూతి చుట్టూ, మెడ మీద ఎర్రగా కాలినట్టు పొక్కిపోయింది. మూతికి తువ్వాలు కట్టుకునే కొట్టాను సార్ అన్నాడు. ఆ తువ్వాలు తుంపరకి తడిసి సాయంత్రం దాకా చర్మానికి పట్టు వేసినట్టు అతుక్కుని ఉంది, మందు కట్టు కట్టుకున్నట్టే అయింది అతనికి. బట్ట తడిస్తే వెంటనే మార్చాలి, మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు ఉండాలి, పని అవగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా ఉతకాలి.

ఒకవేళ ఎవరికైనా మందు కొట్టాక వాంతులు, కండరాలు పట్టు తప్పడం, మత్తుగా ఉండటం, నోట్లో చొంగ కారడం, ఒళ్లంతా చెమటలు, ఇవి కనిపిస్తే ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పని పెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా తీసుకెళ్లండి. చొంగ, చెమటలు, కంటిపాప సూది మొనంత అవడం పురుగు మందుల్లో వచ్చే లక్షణాలు, దానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. కలుపు మందులకి ఆ విరుగుడు పనిచేయదు, పారాక్వాట్ అనే కలుపు మందుకైతే అసలు విరుగుడే లేదు. పేరు తెలియకపోతే మేం చీకట్లో వెతుక్కోవాల్సి వస్తుంది.

పక్కవాళ్లు వినకపోతే మెలిక తిరిగిన ఆకుల ఫోటోలు తేదీతో తీసి పెట్టుకుని, ఊళ్లో రైతు సేవా కేంద్రంలో, మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మందు, నాజిల్ గురించి వాళ్లకి అనుమానాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు మళ్లీ కొట్టే రోజు ముందే తెలిస్తే అమ్మనీ మీ భార్యనీ ఆ పూటకి, ఆ రాత్రికి బంధువుల ఇంటికి పంపించి తలుపులు, కిటికీలు మూయండి, తెల్లారి ఎండ వచ్చాక తీయండి. అమ్మని డాక్టర్‌కి చూపించేటప్పుడు ఇప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్, ఆ మందు డబ్బా లేబుల్ ఫోటో రెండూ తీసుకెళ్లండి.