21 ఏళ్లకు మొదటి కారు: పోలో జీటీనా, ఐ20 ఎన్ లైనా? ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద తీసుకోవాలి?

మీరు అడిగినవి మూడు. లైసెన్స్ వచ్చి ఆరు నెలలైన 21 ఏళ్ల కుర్రాడికి హైదరాబాద్‌లో 8 లక్షల లోపు సెకండ్ హ్యాండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ మేలా, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మేలా? చిన్న వయసని ఇన్సూరెన్స్ వాయించేస్తారా? నాన్నగారి పేరు మీద కొంటే తగ్గుతుందా? ముందు రెండోది చెప్తాను. అది తేలితే మిగతా రెండూ సులువు.

లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న కజిన్ చెప్పిన లెక్కలు ఇక్కడ పనికిరావు. అక్కడ ప్రీమియం నడిపే మనిషిని చూసి వేస్తారు. వయసు తక్కువైతే, లైసెన్స్ కొత్తదైతే, కారు స్పోర్ట్స్ మోడలైతే మోత మోగుతుంది. ఇంగ్లండ్‌లో అయితే కొడుకు నడిపే కారును తండ్రే నడుపుతున్నట్టు చూపించడం మోసం కింద లెక్క. మన దగ్గర మామూలు పాలసీ బండిని చూసి వేస్తారు: ఇంజిన్ సీసీ, బండి వయసు, ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ), రిజిస్ట్రేషన్ ఊరు. చెల్లే లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా కవర్ ఉంటుంది. కాబట్టి వయసు వల్ల మీకు పెద్ద తేడా రాదు. దెబ్బ తగిలేది ప్రీమియం కట్టేటప్పుడు కాదు, క్లెయిమ్ అడిగినప్పుడు.

పాలసీలో రెండు భాగాలు. మీ బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ. 2,094, 1000 నుంచి 1500 సీసీకి రూ. 3,416, 1500 దాటితే రూ. 7,897, వీటి పైన జీఎస్టీ. కట్టే రోజు అమల్లో ఉన్న రేటు ఒకసారి చూసుకోండి. తమాషా ఏమిటంటే ఈ లెక్కలో సీసీ ఉంది కానీ పవర్ లేదు. 998 సీసీ టర్బోతో 120 పీఎస్ పవర్ ఇచ్చే ఐ20 ఎన్ లైన్, ఆల్టో కట్టేంత థర్డ్ పార్టీయే కడుతుంది. 1197 సీసీ స్విఫ్ట్ అంతకంటే ఎక్కువ కడుతుంది. స్పీడ్ బండి కావాలనుకునే కుర్రాళ్లకు మన రూల్స్ తెలియకుండానే చేసిన మేలు ఇది.

ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికే జరిగే నష్టానికి ఇచ్చే భాగం, కంపెనీ ఇష్టం. 2007 నుంచి రేటుకు కట్టుబాటు లేదు, అయినా పాత టారిఫే (అప్పటి రేట్ల పట్టికే) ఇప్పటికీ పునాదిగా కనిపిస్తుంది. ఐదేళ్ల లోపు, 1000 సీసీ లోపు కారుకు 'ఏ' జోన్‌లో ఐడీవీ మీద 3.127 శాతం, 'బీ' జోన్‌లో 3.039 శాతం. హైదరాబాద్ 'ఏ' జోన్. విజయవాడ, విశాఖ, వరంగల్ బీ జోన్. 6 లక్షల ఐడీవీ మీద 'ఏ' జోన్‌లో రూ. 18,762 అవుతుంది, బీ జోన్‌లో రూ. 18,234. ఈ 528 రూపాయల కోసం మామయ్యగారి ఊరి అడ్రస్‌తో రిజిస్టర్ చేయించే తెలివితేటలు వద్దు. దీని మీద కంపెనీ తన డిస్కౌంట్ వేస్తుంది, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అందుకే కొటేషన్లు పోల్చేటప్పుడు అన్నిట్లో ఐడీవీ ఒకటే పెట్టి చూడండి. లేకపోతే ఐడీవీ కోసేసి ప్రీమియం తగ్గించిన పాలసీయే చవగ్గా కనిపిస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అప్పుడు చేతికొచ్చేది ఆ తగ్గించిన ఐడీవీయే. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ మీరూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకునేది. పోలో లాంటి తయారీ ఆగిపోయిన, గిరాకీ తగ్గని మోడల్‌కు ఎంత పైకి ఇస్తే అంత అడగండి.

ఇక ఎవరి పేరు మీద అంటే, ప్రీమియం కోసమైతే ఎవరి పేరైనా ఒకటే. తేడా వేరే చోట ఉంది. పాలసీతో వచ్చే రూ. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్ డ్రైవర్‌కు మాత్రమే, అంటే ఆర్‌సీలో పేరు, చేతిలో లైసెన్స్ రెండూ ఉన్న మనిషికి. కారు నాన్నగారి పేరున ఉండి మీరు నడుపుతూ ప్రమాదం జరిగితే ఆ 15 లక్షలు మీకు వర్తించవు. ఓనర్ దగ్గర బండి తీసుకుని నడిపేవాడు థర్డ్ పార్టీ కిందకూ రాడు. అందుకని నాన్నగారి పేరు మీదే కొనాల్సి వస్తే మీ పేరున విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. రెండో తేడా ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది కారుది కాదు, ఓనర్‌ది. మీ పేరున ఉంటే 20, 25, 35, 45, 50 శాతం మెట్లు మీరే ఎక్కుతారు, రేపు ఇంకో కారు కొన్నా వెంట వస్తుంది. నాన్నగారికి ఇప్పటికే 50 శాతం ఉంటే, ఆ కారు అమ్మేసి మీ కోసం కొనే కారు కూడా ఆయన పేరునే తీసుకుంటే అది దానికి వాడుకోవచ్చు. ఆయన ఉండగా మీ పేరుకు మారదు. సంపాదన ఉంటే మీ పేరు, లోన్ కోసం నాన్నగారి పేరు తప్పకపోతే ఆయన పేరు ప్లస్ మీకు విడిగా పాలసీ. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు.

కారు సంగతి. పోలో జీటీ అంటే ఒకటి కాదు. 2013లో వచ్చిన 1.2 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) 105 పీఎస్ ఇచ్చేది, దానికి ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. 2020లో బీఎస్6తో వచ్చిన 1.0 టీఎస్ఐ 110 పీఎస్, జీటీ పేరుతో అది మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌తో వచ్చింది, అదే ఇంజిన్‌కు ఆరు గేర్ల మాన్యువల్ జీటీ పేరు లేని వేరియంట్లలో. పోలో 2022లో ఆగిపోయింది. వారంటీ అయిపోయిన పాత డీఎస్‌జీని మొదటి కారుగా కొనొద్దు. పంజాగుట్ట, అమీర్‌పేట ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించే నడకకు డ్రై క్లచ్ వేడెక్కుతుంది, తర్వాత గేర్లు మార్చే మెకట్రానిక్స్ యూనిట్ వంతు. గేర్‌బాక్స్ పోయినా ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు, ఎందుకంటే మెకానికల్ బ్రేక్‌డౌన్ ప్రమాదం కాదు. 1.0 టీఎస్ఐ మాన్యువల్ అయితే నిశ్చింత, పైగా 999 సీసీ కాబట్టి తక్కువ స్లాబే.

ఐ20 ఎన్ లైన్ 2021 సెప్టెంబర్‌లో వచ్చింది: 120 పీఎస్, 172 ఎన్ఎం టార్క్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. మొదట్లో వచ్చింది ఐఎంటీ, అంటే గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. అసలైన మాన్యువల్ 2023 ఫేస్‌లిఫ్ట్‌తో వచ్చింది. అమ్మేవాళ్లు ఐఎంటీని 'మాన్యువలే సార్' అంటారు, కింద మూడు పెడళ్లు ఉన్నాయో లేదో మీరే వంగి చూడండి. నా ఓటు మీ బడ్జెట్‌లో దొరికితే 2023 మాన్యువల్ ఎన్ లైన్‌కు, దొరక్కపోతే 1.0 టీఎస్ఐ మాన్యువల్ పోలోకు. పుంటో అబార్త్ 145 పీఎస్ అని ఎవరైనా ఊరిస్తే నమస్కారం పెట్టండి, ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసి ఏళ్లయింది, బంపర్ కోసం ఊరూరా తిరగాలి. బాలెనో ఆర్ఎస్ మాత్రం చవగ్గా కనబడితే చూడొచ్చు. 102 పీఎస్, మెయింటెనెన్స్ మారుతి ధరల్లో. ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, కొత్తవే చవకయ్యాయి కాబట్టి అంతకు ముందరి సెకండ్ హ్యాండ్ రేట్లు చూపించి బేరం ఆడేవాళ్లను నమ్మొద్దు.

బండి చూడటానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే బానెట్ మీద చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది, ఇంకోరోజు వస్తామని చెప్పండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. మూడో గేర్లో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తి యాక్సిలరేటర్ తొక్కితే ఊపు సాఫీగా రావాలి. ఈల వేసినట్టు శబ్దం వచ్చి ఊపు రాకపోతే బూస్ట్ పైపు ఎక్కడో లీకు. అదే గేర్లో ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది, చాలాసార్లు దానికి కారణం రీమ్యాప్, అంటే పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం. పెయింట్ మీటర్‌తో అన్ని ప్యానెళ్లూ చూడండి, ముఖ్యంగా రూఫ్, పిల్లర్లు. డోరు మార్చి ఉంటే పర్వాలేదు, పిల్లర్‌కు టింకరింగ్ జరిగి ఉంటే వద్దు. టైరు పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం: 1821 అంటే 2021లో 18వ వారం. నాలుగు టైర్లు నాలుగు రకాలుగా ఉంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

చాలామంది పట్టించుకోని కాగితం పాత ఇన్సూరెన్స్ కాపీ. నాలుగేళ్లుగా ఒకే ఓనర్ దగ్గరున్న కారుకు ఎన్‌సీబీ సున్నా ఉందంటే కిందటేడు క్లెయిమ్ అయినా జరిగింది, పాలసీ 90 రోజులకు పైగా ల్యాప్స్ అయినా అయ్యింది. రెండిట్లో ఏది జరిగిందో అడగండి, జవాబు చెప్పే తీరులోనే సగం తెలుస్తుంది. ఇంకొకటి, అమ్మకంతో థర్డ్ పార్టీ కవర్ కొత్త ఓనర్‌కు వచ్చేస్తుంది కానీ ఓన్ డ్యామేజ్ రాదు. 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. ఆ మధ్యలో గుద్దితే పాత ఓనర్‌కు కారుతో సంబంధం లేదు, మీకు పాలసీతో సంబంధం లేదు, క్లెయిమ్ గాలిలో ఉంటుంది. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే ఫారం 35తో ఫైనాన్స్ క్లియరెన్స్, పెండింగ్ చలానాలు చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. పాత ఓనర్ ఎన్‌సీబీ మీకు రాదు కాబట్టి, ఆ తేడా కట్టమని కంపెనీ అడుగుతుంది; అది మోసం కాదు.

పాలసీలో 'బంపర్ టు బంపర్' అని పిలిచే జీరో డెప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని కోత వేయకుండా ఇచ్చే అదనపు కవర్) మీకు తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త డ్రైవర్ మొదట పగలగొట్టేది ప్లాస్టిక్కే. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి సగమే ఇస్తారు, రెండు మూడేళ్ల బండికి లోహపు భాగాల మీద 15 శాతం కోస్తారు, పెయింట్ మెటీరియల్‌లో సగం కోస్తారు. ఉదాహరణకు బంపర్ 8,000, పెయింటింగ్ 6,000, లేబర్ 1,500 అనుకుందాం. మామూలు పాలసీలో బంపర్‌కు 4,000, పెయింటింగ్‌లో మెటీరియల్ పావు వంతు లెక్కేసి అందులో సగం తీసేస్తే 5,250, లేబర్ 1,500. తప్పనిసరి మినహాయింపు 1,000 పోను చేతికి 9,750. జీరో డెప్ ఉంటే 14,500. కంపెనీలు చాలావరకు ఐదేళ్ల లోపు బండ్లకే ఇస్తాయి, ఏడాదికి రెండు క్లెయిముల పరిమితి ఉంటుంది. కొనబోయే బండి వయసు చూసుకోండి. ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా తీసుకోండి. వానాకాలంలో నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ యాడ్ ఆన్ లేకుండా మామూలు పాలసీ దాన్ని ఇవ్వదు. రిటర్న్ టు ఇన్‌వాయిస్ (టోటల్ లాస్ అయితే కొన్న బిల్లు ధర ఇచ్చేది) ఎక్కువగా కొత్త కార్లకే, మీకు అనవసరం.

చిన్న గీత పడగానే క్లెయిమ్ చేయొద్దు. లెక్క వేసి చూడండి: మొదటి ఏడాదే క్లెయిమ్ చేస్తే మీ ఎన్‌సీబీ మెట్లన్నీ ఒక ఏడాది వెనక్కి జరుగుతాయి. వరుసగా 20, 5, 10, 10, 5 శాతం, మొత్తం 50 శాతం పోతుంది. అంటే ఐడీవీ అటూ ఇటుగా నిలబడితే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం. అది 10,000 అయితే ఆ క్లెయిమ్ ఖరీదు 5,000. చేతికి వచ్చేది అంతకంటే తక్కువైతే సొంత డబ్బుతో డెంటింగ్ చేయించుకోవడమే మేలు. 50 శాతం మెట్టు మీద ఉన్నవాడు క్లెయిమ్ చేస్తే పోయేది 125 శాతం, అందుకే పాత డ్రైవర్లు షెడ్డు దగ్గర అంత ఆలోచిస్తారు.

క్లెయిమ్ కొట్టేసే కారణాల్లో కుర్రాళ్లకు తగిలేవి కొన్ని. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ పాలసీలోనే మినహాయింపు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద తీసిన రీల్ మీరే పోస్ట్ చేస్తే సాక్ష్యం వెతకాల్సిన పని కూడా ఉండదు. తాగి నడిపితే ఓన్ డ్యామేజ్ రాదు. లైసెన్స్ లేని స్నేహితుడికి తాళాలిస్తే కంపెనీ అవతలివాళ్లకు కట్టి మీ దగ్గర వసూలు చేస్తుంది. తెల్ల నంబర్ ప్లేట్ కారును వారాంతంలో అద్దెకిస్తే కవర్ పోతుంది. రీమ్యాప్ చెప్పకుండా చేయిస్తే నష్టం అంచనా వేసే సర్వేయర్‌కు వాదించడానికి దారి దొరికినట్టే. అల్లాయ్‌లు, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి విలువతో సహా పాలసీలో రాయించకపోతే వాటికి పైసా రాదు. పాత టారిఫ్‌లో ఎలక్ట్రికల్ యాక్సెసరీలకు విలువ మీద 4 శాతం అదనంగా ఉండేది.

అండర్‌పాస్ నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఒక్కసారి కొట్టినా రాడ్ వంగొచ్చు, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నా 'నీళ్లలో ఉండగా మళ్లీ స్టార్ట్ చేశారు' అని అక్కడే పేచీ పెడతారు. న్యూట్రల్‌లో తోయించి పక్కన పెట్టండి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కనిపించేలా ఫొటోలు తీయండి, అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకుని, టోయింగ్‌తో క్యాష్‌లెస్ గ్యారేజీకి పంపండి. సర్వేయర్ చూసే దాకా ఇంజిన్ విప్పనివ్వొద్దు.