కాలి బొగ్గయిన గ్రంథపు చుట్టను విప్పకుండానే ఎలా చదువుతున్నారు?

ఎక్స్‌రే సీటీ స్కాన్‌తో చుట్ట లోపలి పొరలను త్రీడీ చిత్రంగా తీసి, కంప్యూటర్‌లో ఒక్కొక్క పొరను విడదీసి పరిచి, వాటిపై సిరా జాడలను వెతికి చదువుతున్నారు. చేత్తో విప్పబోతే చుట్ట పొడిపొడి అవుతుంది. పూర్వం అలా విప్పబోయి చాలా చుట్టలను ముక్కలు చేశారు.

పొరలు విడదీయడమూ తేలికేమీ కాదు గానీ, అసలు చిక్కు సిరాతోనే. ఇటలీలో క్రీ.శ. 79 నాటి వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటంలో మాడిపోయిన హెర్క్యులేనియం పట్టణపు పపైరస్ (ఓ నీటి మొక్క కాడలతో చేసిన పూర్వపు కాగితం) చుట్టలనే తీసుకోండి. వాటి సిరా ప్రధానంగా మసితో చేసింది. అంటే బొగ్గు మీద బొగ్గుతో రాసిన రాత! స్కాన్‌లో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అయితే సిరా ఉన్నచోట ఎండిన బురదలాంటి సన్నని పగుళ్లు కొన్ని కంటపడ్డాయి. అలాంటి జాడలను పట్టుకునేలా మెషీన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ) ప్రోగ్రాములకు శిక్షణ ఇచ్చారు. అలా 2023లో, ఎన్నడూ విప్పని చుట్టలోంచి ఊదా రంగును తెలిపే గ్రీకు పదం బయటపడింది.

ఏఐ గ్రీకు చదివేసి, ఖాళీలను ఊహించి నింపుతోందని చాలామంది అనుకుంటారు. ఈ ప్రోగ్రాములకు గ్రీకు రాదు. చిన్న చిన్న చదరాల్లో సిరా ఉందో లేదో అంచనా కట్టడమే వాటి పని. ఆ మచ్చల్లో అక్షరాలను పోల్చుకునేది, పాఠం ఏమిటో తేల్చేది పపైరస్ నిపుణులే.